తొమ్మిది గారు ఆగిన చోట్లు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, హాజరు పట్టీలో తప్ప అది ఇంకెక్కడా బతకలేదు. గ్రంథాలయంలో అందరికీ ఆయన తొమ్మిది గారు. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం పేరండీ అని అడిగితే, పాతవాళ్ళు నవ్వి "చేతి మహిమ" అనేవాళ్ళు.

గ్రంథాలయం వెనక వైపు, చూపు లేనివారి కోసం పుస్తకాలు పైకి చదివించి రికార్డు చేసే విభాగం ఉంది. అందులో ఎనిమిది కంప్యూటర్లు, అన్నీ ఎవరో వాడి వదిలేసినవే. వాటిలో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసి నడిపించడం ఆయన ఉద్యోగం. ముసలి యంత్రాలు కదా, రోజుకి ఒక్కసారైనా ఏదో ఒక ప్రోగ్రాము బిగుసుకుపోయేది. మౌసు కదిపినా మీటలు టకటకలాడించినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అప్పుడాయన వచ్చి, కుర్చీ కూడా లాక్కోకుండా, నిలబడే, ఆదేశాలు కొట్టే నల్లతెర తెరిచేవారు. కిల్ అని కొట్టి, పక్కన మైనస్ తొమ్మిది అని కొట్టి, ఆ ప్రోగ్రాము నంబరు వేసేవారు. ఎంటర్ నొక్కితే అది ఇక ఉండేది కాదు. మొత్తం పనికి పట్టేది అర నిమిషం.

తొమ్మిది వెయ్యకుండా ఉత్త కిల్ అంటే, పొద్దుపోయినా కదలని చుట్టానికి "ఇక బయల్దేరతారా" అని గుర్తు చేసినట్టు. విన్నదంటే ప్రోగ్రాము తన సామాను సర్దుకుని, చేతిలో పని దాచుకుని, తలుపు దగ్గరికి వేసి వెళ్తుంది. తొమ్మిది అంటే మెడపట్టి గెంటడం. చేతిలో ఏముంటే అది నేలపాలు.

"ముందు మర్యాదగా అడిగి చూడొచ్చుగా బాబాయ్?" అని విభాగం చూసే మేడం ఒకసారి అంది. ఆమె అప్పుడు ఉద్యోగానికి కొత్త, వయసులో ఆయన కూతురంత.

"అడిగితే వినేదైతే బిగుసుకునేదే కాదుగా తల్లీ" అన్నారాయన, అప్పటికే గుమ్మం దాటుతూ.

కంప్యూటర్లు రాకముందు ఆయన ఇరవై ఏళ్ళు టైపుమిషన్లు బాగుచేశారు. రెండు అక్షరాల కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకుంటే చూపుడు వేలితో ఒక్క మీటు మీటడం, అవి విడిపోవడం. ఆ వేలికి అలవాటైన వేగమే ఈ మీటల మీదికీ వచ్చింది. గ్రంథాలయంలో అంతకుముందు వైద్యం ఇంకా మోటుగా ఉండేది. యంత్రం మొరాయిస్తే ఎవరో ఒకరు నడవా చివరికి వెళ్ళి మెయిన్ స్విచ్చి దించి, ఎత్తేవాళ్ళు. దానితో పోలిస్తే తొమ్మిది గారు చేసేది సూదితో ముల్లు తియ్యడమే.

ఆయన భార్యది మంచి గొంతని కాదు గానీ, వినబుద్ధయ్యే గొంతు. నవ్వు వచ్చే చోటుకి రెండు మాటల ముందే ఆమె గొంతులో నవ్వు మొదలయ్యేది. మధ్యాహ్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, కాసేపు కూర్చుని, చదివేవాళ్ళని అద్దంలోంచి చూసి వెళ్ళేది. ఒకసారి పిల్లల పుస్తకం చదవాల్సినావిడ ఊరెళ్ళిపోతే, ఆమె "నేను చదవనా?" అంది. సన్నటి పుస్తకం. ఒక మేక సముద్రం ఒడ్డున దీపస్తంభం ఎక్కి, ఇక దిగనని మొండికేసే కథ. పదిహేను రోజులు ఇంట్లో సాధన చేసింది. ఆమెకి ఆయాసం. వాక్యం చివరిదాకా ఊపిరి చాలేది కాదు. అందుకని ఎక్కడెక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో అక్కడల్లా పెన్సిలుతో చిన్న నిలువు గీత పెట్టుకుంది. పుస్తకం నిండా గీతలే.

"ఇదేంటి, మేకని ఇన్ని ముక్కలు కోశావు?" అన్నారాయన.

"కోస్తేనేగా నాలాంటి దానికి నోట్లో పట్టేది" అంది ఆమె.

ముప్పై అయిదు నిమిషాలు చదివింది. ఆపు మీట నొక్కింది. తెర బిగుసుకుపోయింది. అద్దంలోంచి చెయ్యి ఊపితే ఆయన వచ్చారు. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూనే వచ్చారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, నిలబడే, ఆ అర నిమిషం పని అర నిమిషంలో చేసేశారు. తరవాత గానీ ఏం చేశారో ఆయనకి తట్టలేదు.

ఆమె ఆయన మొహం చూసి, "మేక దూకేసిందా?" అంది. నవ్వింది కూడా. "పోతే పోయిందిలెండి. నా గొంతేమన్నా అరిగిపోతుందా? వచ్చేవారం మళ్ళీ చదువుతా."

వచ్చేవారం ఆయాసం ఎక్కువైంది. ఆపై వారం ఆసుపత్రి. ఆ మరుసటి వారం డబ్బా తెచ్చేవాళ్ళు లేరు.

విభాగంలో అప్పటికి వెయ్యికి పైగా పుస్తకాలు రికార్డయ్యాయి. ఎవరెవరివో గొంతులు, దగ్గులు, కుర్చీల కిర్రులు, మధ్యలో "అయ్యో, ఈ లైను మళ్ళీ చదువుతానండీ" అన్న మాటలతో సహా అన్నీ ఉన్నాయి. ఆమెది ఒక్క మాట లేదు. ఇంట్లో ఫొటోలు ఉన్నాయి. ఫొటోలు మాట్లాడవు.

కార్యాలు ముగిసి తిరిగి పనిలోకి వచ్చిన రోజు ఆయన చేసిన మొదటి పని, ఎనిమిది అట్టముక్కలు కత్తిరించి, గుండ్రటి చేతిరాతతో ఒకే నాలుగు ముక్కలు రాసి, ప్రతి తెర పక్కనా అంటించడం. "ముట్టుకోవద్దు. ముందు ఆగు. చిన్న లైటు చూడు. నన్ను పిలువు."

చిన్న లైటు అంటే పెట్టె ముందు మినుకు మినుకుమనే దీపం. అది మినుకుమంటుంటే లోపల డిస్కు పని చేస్తోందని లెక్క. పిలిస్తే ఆయన వచ్చేవారు. ఇప్పుడు కుర్చీ లాక్కునేవారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు, తెరకేసి చూస్తూ కూర్చునేవారు. అప్పుడు గానీ నల్లతెర తెరిచేవారు కాదు. ప్రతి ప్రోగ్రాము పేరు పక్కనా ఒక అక్షరం ఉంటుంది. ముందు అది చూడమనేవారు. ఆర్ ఉంటే పనిలో మునిగి ఉంది, ఎస్ ఉంటే పిలుపు కోసం నిద్రపోతోంది.

"మరి జెడ్ అంటే బాబాయ్?" అని మేడం అడిగింది ఒకరోజు.

"అది పోయిందమ్మా. దాన్ని పుట్టించిన ప్రోగ్రాము వచ్చి కబురు అందుకునేదాకా జాబితాలో పేరు మాత్రం ఉంటుంది. పోయినదాని మీద తొమ్మిది కొట్టి ఏం లాభం? పుట్టించినదాన్ని లేపాలి."

ఆయన బిగుసుకున్న యంత్రం ముందు కూర్చున్నారంటే, వెళ్ళి టీ తాగి, చెప్పులు కుట్టించుకుని కూడా రావచ్చని జనం హాస్యమాడేవాళ్ళు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆ ప్రోగ్రాము తనంతట తానే లేచేది. తొమ్మిది కొట్టడం పూర్తిగా మానేశాక ఆ పేరు ఆయనకి ఇంకా గట్టిగా అతుక్కుపోయింది. ఆయన కాదనలేదు. మేక పుస్తకం మాత్రం తన బల్ల సొరుగులో అడుగున పెట్టుకున్నారు. అది కావాలని వినేవాళ్ళ దగ్గర్నించి ఉత్తరం వచ్చినప్పుడల్లా "రికార్డింగులో ఉంది" అని జవాబు రాసేవారు. అలా ఎనిమిదేళ్ళు రాశారు.

లెక్కల టీచరమ్మ వచ్చింది ఆ ఎనిమిదో ఏట. ముప్పై ఏళ్ళు ఎక్కాలు అరిచి అరిచి పదునెక్కిన గొంతు ఆవిడది. ఉద్యోగ విరమణ అయ్యాక ఊరుకోలేక, దిండంత నవల ఒకటి తీసుకుని నాలుగు నెలలుగా వారానికి మూడు రోజులు చదువుతోంది. చివరికి వచ్చేసరికి గొంతు బొంగురుపోసాగింది. పరీక్షలు చేసిన డాక్టర్లు లోపల గడ్డ ఉందన్నారు. దానితోపాటు స్వరపేటిక మొత్తం తియ్యాలన్నారు. ఆపరేషను తరవాత మాట రాదు. ఆవిడ ఆ సంగతి విభాగంలో పరీక్ష టైంటేబిలు చదివినట్టు చెప్పింది. "ఆదివారం చేరాలి. ఒక్క అధ్యాయం మిగిలింది. శుక్రవారం వచ్చి చదివేస్తాను."

రికార్డింగు గదికి ఆనుకుని చిన్న కొట్టుగది ఉంది. అందులో ఉండే యంత్రాన్ని పెద్ద పెట్టె అనేవాళ్ళు. ఎనిమిది కంప్యూటర్లలో ఎవరేం చేసినా చివరికి వెళ్ళి చేరేది అందులోకే. దాని ఫ్యాను ముసలిదై గురక పెట్టేది. టీచరమ్మే ఫిర్యాదు చేసింది. "ఏమయ్యా, నా నవల్లో పెద్దాయన చావుబతుకుల్లో ఉంటే, వెనకాల ఎవడో హాయిగా నిద్రపోతున్నాడు." ఆవిడ చివరి అధ్యాయానికైనా ఆ గురక ఉండకూడదని తొమ్మిది గారు కొత్త ఫ్యాను తెప్పించారు. బుధవారం మారుద్దామనుకున్నారు. బుధవారం రికార్డింగు గదికి సెలవు, వినే పుస్తకాలు ఇచ్చే కౌంటరు పదింటికి గానీ తెరవరు.

ఆ బుధవారం పొద్దున్న పావు తక్కువ పదికి ఆయన వెనక తలుపు గుండా వచ్చి, నేరుగా కొట్టుగదిలోకి వెళ్ళారు. రికార్డింగు గది మీద ఎర్ర బల్బు వెలుగుతోంది గానీ, అది నడవా వైపు ఉంటుంది. వెనక నుంచి వస్తే కనపడదు. పెట్టెని ఎవరైనా వాడుతున్నారేమో చూడటానికి ఒక్క లైను కొడితే చాలు. ఎనిమిదేళ్ళుగా కాఫీ చల్లారిందా లేదా అన్నదానికి కూడా రెండుసార్లు చూసే మనిషి, బుధవారమే కదా అనుకుని ఆ లైను కొట్టలేదు. పెట్టె ఆపారు. మూత విప్పారు. పాత ఫ్యాను ఊడదీసి చేతిలోకి తీసుకున్నారో లేదో, గుమ్మంలో టీచరమ్మ తల కనపడింది.

"నువ్విక్కడున్నావా! ఊరంతా వెతుకుతున్నాను. నీ యంత్రం మూగబోయింది."

ఆయన చేతిలో ఫ్యానూ ఆయనా అలాగే ఉండిపోయారు. "మీరు... ఇవాళ..."

"ఆపరేషను ముందుకి జరిపారు. ఇవాళ మధ్యాహ్నానికల్లా చేరమన్నారు. మేడంని అడిగి తాళం తీసుకున్నా. తొమ్మిదింటికి కూర్చున్నా. యాభై రెండు నిమిషాలు, ఒక్క తప్పు లేదు. కాసేపు నీళ్ళు తాగి, సేవ్ నొక్కాను. అంతే, రాయి."

ఆయన పరుగున వెళ్ళారు. తెర మీద ప్రోగ్రాము కిటికీ బూడిదరంగులోకి తిరిగి ఉంది. ఆపాలా, ఆగాలా అని అడుగుతోంది. చెయ్యి మౌసు మీదికి వెళ్ళబోతే, దాన్ని వెనక్కి లాక్కుని, కుర్చీలో కూర్చున్నారు. మూడు మీటలు కలిపి నొక్కి నల్లతెరకి వెళ్ళి, జాబితా తీశారు. రికార్డింగు ప్రోగ్రాము పేరు పక్కన డి అని ఉంది.

"డి అంటే?" అంది టీచరమ్మ వెనక నుంచి.

"ఎవర్నో ఏదో అడిగింది. జవాబు కోసం కూర్చుంది."

"ఎవర్ని?"

"ఆ పెట్టెని. నేనే ఆపేశానమ్మా. మీరున్నారో లేదో చూడకుండా ఆపాను. తప్పు నాది."

ఆవిడ అడ్డంగా చెయ్యి ఊపింది. "తప్పు సంగతి తరవాత. లెక్క చెప్పు. నేను చదివింది ఉందా, పోయిందా?"

"ఉంది. దాని ఒళ్ళోనే ఉంది. పెట్టె లేచి చెయ్యి చాపితే ఇచ్చేస్తుంది. ఈలోపల దీన్ని ఎవరూ కదపకూడదు. ఆపితే మొత్తం పోతుంది."

"పెట్టె లేస్తుందా?"

ఆయన చేతిలో ఫ్యానుకేసి చూసుకున్నారు. "లేపాలి."

అంతలో ఆవిడ చెల్లెలు వచ్చింది. బయట కారులో సామానుతో కూర్చుని విసుగెత్తి వచ్చింది. విషయం విని నెత్తి కొట్టుకుంది. "అక్కా, ఈ డబ్బాలని నమ్ముకుని కూర్చుంటావా! నా ఫోనులో చదివెయ్. వాళ్ళకి పంపేద్దాం."

అదీ నిజమేననిపించింది అందరికీ. ఫోను బల్ల మీద పెట్టారు. టీచరమ్మ పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మొదటి పేరా బొంగురుగానైనా వచ్చింది. రెండో పేరాలో మాటల మధ్య గాలి మాత్రమే వచ్చింది. మూడో పేరా సగంలో ఆవిడ పుస్తకం మూసేసింది. నీళ్ళు తాగి, గుసగుసలాంటి గొంతుతో అంది.

"ఉన్నదంతా పొద్దున్నే వాడేశాను. ఇక ఉంటే దానిలోనే ఉంది."

తొమ్మిది గారు ఆ మాట పూర్తిగా వినకుండానే కొట్టుగదిలోకి వెళ్ళిపోయారు. కొత్త ఫ్యాను తీగ పాత సాకెట్టుకి పట్టలేదు. పాతదే మళ్ళీ బిగించడం మొదలుపెట్టారు. మొదటి మరను గాడిలో పెడుతుండగా నడవాలో మేడం గొంతు వినపడింది.

"కౌంటరు దగ్గర అన్నీ బిగుసుకుపోయాయి! జనం నిలబడి ఉన్నారు. ఒక్కసారి మెయిన్ కొట్టేద్దాం, దెబ్బకి అన్నీ లేస్తాయి."

ఆయన మర వదిలేసి బయటికి ఉరికారు. "వద్దు! ఆగు తల్లీ, ముట్టుకోకు!"

"బాబాయ్, మీరు ప్రతిదానికీ ఆగమంటారు. ఎనిమిది యంత్రాలు! ఎంతసేపు ఆగాలి?"

ఎంతసేపో ఆయనకి తెలియదు. తెలియదని చెప్పారు. మేడం చెడ్డ మనిషి కాదు. లోపల ఏముందో చెబితే నోటి మీద చెయ్యి వేసుకుంది. కానీ కౌంటరు దగ్గర గొడవ పెరుగుతోంది. ఆమె వద్దనుకున్నా, అక్కడి వాళ్ళలో ఎవరో ఒకరు పాత అలవాటు కొద్దీ వచ్చి ఆ స్విచ్చి దించేస్తారు. ఆయన ఒకేసారి స్విచ్చి దగ్గరా పెట్టె దగ్గరా ఉండలేరు.

అప్పుడు టీచరమ్మ రికార్డింగు గదిలోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి, నడవా చివర మెయిన్ బోర్డు కింద వేసి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుసగుసగానే అన్నా, ముప్పై ఏళ్ళ తరగతి గది ఆ గుసగుసలో ఉంది.

"ఎవరొస్తారో రానీ. పదమూడో ఎక్కం అప్పజెప్పినవాణ్ణే దాటనిస్తాను."

ఆ గంటలో ఇద్దరు వచ్చారు. ఇద్దరూ ఆవిణ్ణి చూసి, ఏమీ అడక్కుండానే తిరిగి వెళ్ళారు.

పెట్టె మొదటిసారి లేవలేదు. ఆయన మూత మళ్ళీ తీసి, తీగలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశారు. ఒకటి సగం ఊడి ఉంది. రెండోసారి గురకతో సహా లేచింది. ఆ గురక అంత ముద్దుగా ఆయనకి ఎప్పుడూ వినపడలేదు. కానీ తెర మీద ఒక లైను వచ్చి నిలిచింది. ఏడాదికి పైగా ఆగకుండా నడిచిన పెట్టె కదా, ఇప్పుడు తన డిస్కులన్నీ ఒకసారి సరిచూసుకుని గానీ తలుపు తియ్యనంటోంది. రెండు శాతం. మూడు శాతం. మధ్యలో ఆపితే డిస్కుల మీద ఉన్న వెయ్యి పుస్తకాలకీ ముప్పు. చెయ్యగలిగింది లేదు.

ఆయన వచ్చి టీచరమ్మ పక్కన నేల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నారు. అక్కడి నుంచి కొట్టుగదిలో తెర కనపడుతుంది.

"తొమ్మిది అని ఎందుకంటారు నిన్ను?" అంది ఆవిడ. "నాలుగు నెలలుగా అడుగుదామనుకుంటున్నా. నంబరు కదా, నాకు దురద."

ఆయన చెప్పారు. ముందు తొమ్మిదంటే ఏమిటో చెప్పారు, తరవాత మేక సంగతి చెప్పారు. చెబుతున్నంతసేపూ తెరకేసే చూశారు. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ఎనిమిదేళ్ళలో ఆయన ఆ మాట ఎవరితోనూ పూర్తిగా అనలేదు. "ఆ రోజు ఒక్క అయిదు నిమిషాలు కూర్చుని ఉంటే, అదే లేచేదేమో. లేచేది కాదేమో. తెలిసే దారి లేదు."

మాట్లాడితే ఆవిడకి గొంతు నొప్పి. తెర మీద యాభై దాటాక అడిగింది.

"ఆ పుస్తకం మళ్ళీ ఎవరికిచ్చావు చదవడానికి?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"అడిగేవాళ్ళున్నారా?"

"ఉత్తరాలొస్తాయి. ఇప్పటికి పద్నాలుగు."

"పద్నాలుగు మంది పిల్లలు" అంది ఆవిడ. "ఎనిమిదేళ్ళంటే, మొదట అడిగినవాళ్ళకి ఈపాటికి మీసాలొచ్చి ఉంటాయి. ఇంకా ఆగమంటావా వాళ్ళని?"

చెల్లెలు బయట హారను కొట్టించింది. ఒకసారి, మళ్ళీ రెండుసార్లు. తొంభై ఆరు. తొంభై ఏడు. తొంభై తొమ్మిది దగ్గర అది చాలాసేపు ఆగింది. టీచరమ్మ సంచీ పిడి రెండు చేతులతో పట్టుకుంది. వంద వచ్చాక తెర ఒకసారి చీకటై, తరవాత మామూలుగా అడిగే పేరూ సంకేతపదమూ అడిగింది.

ఇద్దరూ రికార్డింగు గదిలోకి వెళ్ళారు. ఆయన కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. నల్లతెర మీద ఇంకా డి. ఆవిడ ఆయన భుజం మీదుగా వంగి చూస్తోంది. ఆయన ఏమీ కొట్టలేదు, అదే లైను మాత్రం మళ్ళీ మళ్ళీ తీసి చూశారు. డి. డి. డి. అయిదోసారికి అది ఎస్ అయింది. తిరిగి మామూలు తెరకి వచ్చేసరికి బూడిదరంగు పోయి, సేవ్ గీత నెమ్మదిగా నిండుతోంది. ఆవిడ నాలుగు నెలలుగా చూస్తున్న అదే నీలం గీత.

నిండాక ఆయన చివరి నిమిషం వినిపించారు. పొద్దుటి గొంతు, బొంగురుగా, నిలకడగా, ఆఖరి వాక్యం చదివి, ఒక్క క్షణం ఆగి "సమాప్తం" అంది. దాని వెనకాల గురక లేదు. ఆ సమయానికి ఆయన అప్పుడే పెట్టె ఆపి ఉన్నారు.

టీచరమ్మ అది గమనించింది. "చూశావా" అంది నవ్వి. "నీ తప్పు వల్ల చివరి వాక్యం శుభ్రంగా వచ్చింది." తరవాత సంచీ తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, వేలు చూపించి బెదిరించింది. అది మేక గురించేనని ఆయనకి తెలుసు. చివరి వాక్యం శుభ్రంగా వచ్చిందన్నదే ఆయన విన్న ఆవిడ చివరి మాట.

ఆ శుక్రవారం రికార్డింగు గది ఖాళీగా ఉంది. టీచరమ్మ చదవాల్సిన సమయం అది. తొమ్మిది గారు సొరుగు తెరిచి, ఉత్తరాలన్నీ పక్కకి జరిపి, పుస్తకం తీశారు. గడియారం విప్పి పక్కన పెట్టారు. కుర్చీ కిర్రుమనకుండా సర్దుకున్నారు. ఎదురుగా గోడ మీద, చదవడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ తాను చెప్పే సూచనలే. పేజీ తిప్పేటప్పుడు ఆగు, నోరు తడి ఆరనివ్వకు, నెమ్మదిగా. ఇంతవరకూ అద్దానికి అవతలే నిలబడ్డ మనిషి.

ఆయన గొంతులో కథ చెప్పే కళ లేదు. మేక మాటలూ, దీపస్తంభం కాపలావాడి మాటలూ ఒకేలా చదివారు. నవ్వు రావాల్సిన చోట ముందుగా నవ్వు రాలేదు. కానీ పెన్సిలు గీత కనపడిన ప్రతి చోటా ఆగారు. ఆయాసం ఆయనకి లేదు. ఊపిరి చాలుతుంది. అయినా ఆమెకి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగి, అప్పుడు ముందుకి వెళ్ళారు. నలభై నిమిషాలకి మేక దిగింది. సేవ్ నొక్కి, నీలం గీత నిండేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు ఏదీ బిగుసుకోలేదు. పద్నాలుగు జవాబులూ అదే సాయంత్రం పోస్టు చేశారు.

టీచరమ్మ రెండు నెలలకి మెడకి గుడ్డ కట్టుకుని, పలకా బలపమూ పట్టుకుని వచ్చింది. మేక కథ చెవులకి తగిలించుకుని మొత్తం విని, పలక మీద "నూటికి నలభై" అని రాసి, కింద "పాస్" అని రాసింది. ఆయన ఆ పలక తుడవనివ్వలేదు. ఆవిడ ఇంటికి వెళ్ళేటప్పుడు కొత్తది కొనిచ్చారు.

ఇప్పుడు తొమ్మిది గారి కుర్చీలో ఇంకెవరో కూర్చుంటున్నారు. అట్టముక్కలు పసుపెక్కాయి గానీ, వాటిని ఊడదీసే ధైర్యం ఎవరికీ లేదు. విభాగంలో విన్నవాళ్ళ అభిప్రాయాలు రాసే పుస్తకం ఒకటుంది. అందులో ఒక పేజీలో, వినే పిల్లవాడి తండ్రి ఎవరో రాశారు: "మేక కథ మా వాడికి బాగా నచ్చింది. కానీ చదివినాయన వాక్యం మధ్యలో ఊరికే ఆగిపోతున్నారు. రికార్డింగులో లోపం అనుకుంటా, దయచేసి సరిచేయగలరు."

దాని కింద గుండ్రటి చేతిరాతతో ఉంది: "లోపం కాదు. ఎవరూ సరిచేయవద్దు. అలాగే ఉంచాలి."